పక్షవాతం తర్వాత చేతికి రోబో ఫిజియోథెరపీ: డబ్బు కట్టే ముందు తెలుసుకోండి

ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు, వారి కుటుంబ సభ్యులకు

"రోబోతో ఫిజియో చేయిస్తే చెయ్యి తొందరగా వస్తుంది" అని ఎవరో చెప్తారు. ఇంట్లో మనిషి చెయ్యి పడిపోయి ఉన్నప్పుడు ఆ మాట వింటే ఆశ పుడుతుంది. బంగారం తాకట్టు పెట్టైనా చేయిద్దాం అనిపిస్తుంది. ఆ పని చేసే ముందు ఇది చదవండి. చదవడం రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

ఈ రోబో ఏం చేస్తుంది?

ఇది సినిమాల్లో చూపించే మరమనిషి కాదు. బల్లకు బిగించిన యంత్రపు చెయ్యి లాంటిది. పేషెంటు కుర్చీలో కూర్చుంటారు. బలం లేని చేతిని దాని మీద పెట్టి పట్టీలు వేస్తారు. ఎదురుగా తెర మీద ఒక చుక్క కనిపిస్తుంది, చేతిని అక్కడికి జరపాలి. పేషెంటు జరుపుతుంటే యంత్రం ఊరుకుంటుంది. మధ్యలో ఆగిపోతే మిగతాది తనే మెల్లగా తోస్తుంది. ఇలాంటి వాటిలో మొదటి తరం యంత్రం అమెరికాలోని ఎంఐటీలో తయారైంది.

పక్షవాతంలో చెడింది చెయ్యి కాదు, చేతిని నడిపించే మెదడు భాగం. ఆ పనిని మెదడు మళ్లీ నేర్చుకోవాలంటే ఒకే కదలికను వందల సార్లు చెయ్యాలి. మామూలు ఫిజియోలో అన్ని సార్లు జరగదు. అమెరికాలో గమనించి చూస్తే ఒక్కో సెషన్‌లో చేతితో చేయించిన పనులు సగటున 32 సార్లే. రోబో మీద అదే లెక్క 1,000 దాటుతుంది. దాని గొప్పతనమంతా ఇదే: అలసిపోదు.

పరీక్షించి చూస్తే ఏం తేలింది?

2010లో అమెరికాలో 127 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొందరికి రోబోతో, కొందరికి మనిషి చేతనే అంతే గట్టిగా, ఎక్కువసార్లు సాధన చేయించారు. ఈ రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. అంటే మేలు చేసింది సాధన, యంత్రం కాదు అనుకోవచ్చు.

బ్రిటన్‌లో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది, 770 మందితో. వారం క్రితం పక్షవాతం వచ్చినవాళ్ల నుంచి ఐదేళ్ల క్రితం వచ్చినవాళ్ల దాకా అందులో ఉన్నారు. వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు, 12 వారాలు రోబో మీద చేయించారు. 2019లో ఫలితం వచ్చింది. చేతి కదలిక కొంచెం మెరుగైంది గానీ, ఆ చేతితో పనులు చేసుకోవడంలో మామూలు వైద్యం కంటే లాభం కనిపించలేదు. తెర మీద చుక్కను జరిపితే చుక్కను జరపడం వస్తుంది. అన్నం కలుపుకోవడం రావాలంటే అన్నం కలపడమే సాధన చెయ్యాలి.

రోబో పనికిరాదని దీని అర్థం కాదు. చిన్న చిన్న అధ్యయనాలను కలిపి చూస్తే కొంత మేలు కనిపిస్తోంది. దగ్గరలో ఉచితంగా దొరికితే, డాక్టరు సరే అంటే చేయించుకోండి. అప్పు చేసి పరుగెత్తాల్సినంత తేడా మాత్రం లేదు.

మరి తొందరపడాల్సింది దేనికి?

సాధన మొదలుపెట్టడానికి. చెయ్యి ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నెలల్లోనే. పావురం రక్తం రాయించడానికి ఊళ్లు తిరిగితే ఆ రోజులు పోతాయి. అలాగని మొదటి 24 గంటల్లోనే లేపి పదే పదే నడిపించకండి. దానివల్ల నష్టమే జరిగినట్టు 2015లో వచ్చిన పెద్ద పరీక్షలో తేలింది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు. డిశ్చార్జి రోజే ఫిజియోథెరపిస్టు చేత వ్యాయామాలు చేయించి, మీ ఫోన్లో వీడియో తీసుకోండి.

ఇంట్లో చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. బల్ల మీద తువ్వాలు పెట్టి ముందుకీ వెనక్కీ తుడవడం, ఖాళీ గ్లాసు పట్టుకుని పక్కకు పెట్టడం, సీసా మూత తిప్పడం, బట్టలు మడతపెట్టడం. మొదట్లో మంచి చెయ్యి సాయం పట్టొచ్చు. ఎన్నిసార్లు చేశారో రోజూ నోటు పుస్తకంలో రాయండి. 30తో మొదలై 200కు చేరితే, రోబో చేసే పనిలో కొంత మీరే చేసినట్టు. చెయ్యి అసలు కదలకపోతే అద్దం ముందు చేసే సాధన గురించి అడగండి. అద్దంలో మంచి చెయ్యి కదలడం చూస్తూ చేసే పద్ధతి అది, ఖర్చు అద్దానికే.

భుజం జాగ్రత్త. బలం లేని చేతిని పట్టుకుని లాగి లేపకండి, చంకలో చెయ్యి వేసి ఎత్తకండి. కీలు జారి నొప్పి మొదలైతే నెలల తరబడి సాధన ఆగిపోతుంది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి. నొప్పి వస్తే ఆపి డాక్టరుకు చెప్పండి.

ఆసుపత్రిలో డబ్బు అడిగితే?

ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్న వైద్యానికి నెట్‌వర్క్ ఆసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. రోబో ఫిజియో పేరుతో విడిగా కట్టమంటే, ముందు అక్కడి ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. ఇది మన ప్యాకేజీలో ఉందా, లేదంటే ఎంత అవుతుందో కాగితం మీద రాసిస్తారా అని అడగండి. యంత్రంతో పాటు మనిషి చేయించే ఫిజియో కూడా ఉంటుందా అనేది తప్పక అడగాల్సిన ప్రశ్న. జవాబు సరిగా రాకపోతే 104కు ఫోన్ చెయ్యండి.

మళ్లీ మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా ఆలస్యం చెయ్యకుండా 108కి చెయ్యండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని వాళ్లకు చెప్పండి.