సన్నసెగ మీద పొట్టేలు పిక్క

బేతంచెర్ల అంటే బయటివాళ్లకు బండలే గుర్తొస్తాయి. ఆ సున్నపురాతి నేలలోనే బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని తవ్వించి ఏనాటివో జంతువుల ఎముకలు వెలికితీశాడు. ఆ చుట్టుపక్కలే ఉన్న ముచ్చట్ల చింతమాను గవిలో పాతరాతియుగం చివరినాటి పొయ్యి ఆనవాలు దొరికింది. దాని వయసు సుమారు 17 వేల ఏళ్లని లెక్కగట్టారు. పొయ్యికి ఇంత చరిత్ర ఉన్న చోట ఇటలీవాళ్ల మాంసం కూర వండుకోవడం ఏమంత కష్టం కాదు. సెగ ఎంత, ఎంతసేపు అన్నది తెలిస్తే చాలు.

మిలాన్‌లో ఒస్సోబుకో అనే ఈ కూరకు దూడ కాలిపిక్కను మూలుగ ఎముకతో సహా అడ్డంగా కోస్తారు. మనకు పొట్టేలు పిక్క, మెడ ఉన్నాయి. ఆదివారం అంగట్లో అందరూ లేత ముక్క అడుగుతారు గానీ ఈ కూరకు గట్టి ముక్కే కావాలి. జీవాలు రోజంతా మేత కోసం తిరుగుతాయి కాబట్టి వాటి కాళ్లలో, మెడలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. మూడు పోగులు పేనిన మోకులా ఉంటుంది దాని అణువు.

వేడి 60 డిగ్రీలు దాటగానే ఆ మోకు బిగుసుకుని, కండలోని నీటిని పిండేస్తుంది. అందుకే అరగంట ఉడికిన ముక్క అంతకుముందు కంటే గట్టిగా తగులుతుంది. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి మంట పెంచుతారు. దానివల్ల లాభం లేదు. మూత వదులుగా ఉన్న గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు, ఎసరు మాత్రం తొందరగా ఇగిరిపోతుంది. సెగ తగ్గించి, అక్కడక్కడ ఒక్కో బుడగ లేచేలా రెండున్నర మూడు గంటలు ఉంచితే మోకు విడిపోయి జెలటిన్ అవుతుంది. అది ఎసరును చిక్కబరుస్తుంది. కండ పోగుల మధ్య చేరి, నీరు పోయిన ముక్కను కూడా నోట్లో జారిపోయేలా చేస్తుంది.

మరి కుక్కర్? ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పపాన్ 1679లో దాని తొలి రూపాన్ని తయారుచేసింది ఎముకలు మెత్తబరచడానికే. లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి కొల్లాజెన్ తొందరగానే కరుగుతుంది. కానీ అంత వేడికి కండలోని నీరు మరింత పోతుంది, ఎసరు ఇగరదు. పాయాకు కుక్కర్ పెట్టుకోండి. ఈ కూరకు వద్దు.

ఉడికించే ముందు ముక్కలను నూనెలో ఎర్రగా వేయించాలి. రసం లోపలే బంధించడానికే ఇలా వేయిస్తారని 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయనవేత్త చెప్పాడు. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. వేయించిన ముక్కను పళ్లెంలో పెట్టి కాసేపు చూడండి, అడుగున రసం చేరుతుంది. అసలు లాభం వేరే. పైభాగం 140 డిగ్రీలు దాటితే చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందల రకాల వాసనలు పుట్టిస్తాయి. దీన్ని 1912లో లూయీ కమీల్ మయార్ వివరించాడు. ముక్కలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీరూరి వేడి వంద దగ్గరే ఆగిపోతుంది, ముక్కలు తెల్లబోతాయి. తడి తుడిచి కొన్ని కొన్నిగా వేయాలి.

తర్వాత అదే నూనెలో ఎర్రగడ్డలు, క్యారెట్, తెల్లగడ్డ వేసి సన్నసెగ మీద మగ్గించాలి. సెలరీ దొరక్కపోతే కొత్తిమీర కాడలు వేయండి, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. ఇటలీలో ఇప్పుడు ద్రాక్షసారా పోసి అడుగంటిన ఎరుపును గీకుతారు. ద్రాక్షసారా పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం, మన చింతపండు పులుపూ అదే. రెండు చెంచాల పల్చటి చింతపండు రసంతో ఆ పని జరుగుతుంది. సారా వాసన రాదు గానీ పులుపు సరిగ్గా కుదురుతుంది. అంతకు మించి పోస్తే అది పులుసైపోతుంది.

టమాటాలు మాత్రం ధారాళంగా వేయాలి. వాటిలోని గ్లుటమేట్, మాంసంలోని ఇనోసినేట్ కలిస్తే రుచి రెట్టింపుకన్నా ఎక్కువ పెరుగుతుంది. గ్లుటమేట్ రుచిని 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా గుర్తించాడు. ఇంత పులుపు గంటల తరబడి ఉడికేటప్పుడు ఉత్త అల్యూమినియం గిన్నె వాడకూడదు, లోహం కూరలోకి దిగుతుంది. మందపాటి స్టీలు గిన్నె గానీ, వాడి పదునెక్కిన మట్టికుండ గానీ మేలు.

ఉత్తర ఇటలీలో ఇలాంటి కూరను మొక్కజొన్న పిండితో చేసే పొలెంటాతో తింటారు. అది మన సంగటికి దగ్గరి చుట్టం. కాబట్టి రాగి సంగటి, జొన్న సంగటి ఏదైనా దీనికి నప్పుతుంది.

మరునాటికి రుచి ఇంకా బాగుంటుందని కూరను రాత్రంతా పొయ్యి మీదే వదిలేయొద్దు. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడుకుకు చావవు. మన ఎండాకాలపు వేడి వాటికి బాగా అనుకూలిస్తుంది. కూరను వెడల్పాటి గిన్నెల్లోకి తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకు జెలటిన్ గడ్డకట్టి, కొవ్వు పైన తెల్లటి పొరలా తేరుతుంది. ఆ పొరను చెంచాతో తీసేసి, కూరను తెర్లేదాకా మళ్లీ కాచి వడ్డించండి.