తోక ఎటు మొగ్గింది?

కోలార్ బంగారు గనుల ఊళ్లైన రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట సందుల్లో, మారికుప్పం గని లైన్లలో తిరిగే వీధి కుక్కల్లో ఏది సాధువో, ఏది దూకుడుదో తేల్చే పని ఇప్పుడు మునిసిపాలిటీ నెత్తిన పడింది. పట్టుకున్న కుక్కలకు ఆపరేషను చేసి, టీకా వేసి, ఎక్కడివక్కడే వదలమని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. రేబిస్ అనుమానం ఉన్నవీ, దూకుడుగా ప్రవర్తించేవీ మాత్రం మినహాయింపు. దూకుడు తెలియడానికి జనం నమ్ముకున్న గుర్తు తోక: ఊపితే మంచిది, లేకపోతే కాదు. ఈ లెక్క నిలవదు. తోక ఊగుతోందంటే కుక్క లోపల ఏదో కదిలిందని మాత్రమే అర్థం. అదేమిటో తెలియాలంటే తోక ఎటు మొగ్గిందో చూడాలి.

2007లో ఇటలీలో క్వారంటా, సినిస్కాల్కీ, వల్లోర్తిగారా అనే ముగ్గురు 30 పెంపుడు కుక్కల తోకలను పైనుంచి చిత్రీకరించారు. యజమాని కనిపిస్తే తోక కుక్కకు కుడివైపు ఎక్కువ దూరం ఊగింది. కొత్త మనిషిని చూసినా కుడికే, కాస్త తక్కువగా. పెత్తనం చూపే కొత్త మాలినోయిస్ కుక్క ఎదురైతే మాత్రం ఎడమకి. ఒంటి కుడివైపు కండరాలను ప్రధానంగా నడిపేది మెదడులోని ఎడమ సగం. దగ్గరికి పోవాలనే ప్రేరణ కూడా దానిదే. వెనక్కి తగ్గమనేది కుడి సగం. ఇక అసలు ముచ్చట పిల్లిది. పిల్లిని చూసినప్పుడు ఊపు బాగా తగ్గింది గానీ మొగ్గు కుడికే! పిల్లి మీద కుక్కకు ప్రేమేమిటి? అంటే కుడి మొగ్గు ఇష్టానికి గుర్తు కాదు, ముందుకు పోవాలన్న కోరికకు గుర్తు. నాకడానికైనా, తరమడానికైనా ముందుకే పోవాలి కదా.

డార్విన్ 1872లోనే పోట్లాటకు దిగే కుక్క తోక నిటారుగా బిగుసుకుంటుందని రాశాడు. ఎత్తును పట్టుకున్నాడు, పక్కలను వదిలేశాడు. కెనడాలో 2011లో ఒక మర కుక్క తోకను అటూ ఇటూ ఊపి చూపిస్తే, ఎడమకి ఊపినప్పుడే అసలు కుక్కలు ఎక్కువగా జంకకుండా దగ్గరికొచ్చాయి. సిద్ధాంతం తలకిందులైందని అనిపించవచ్చు, కానీ వాసన లేని, ఒళ్లు కదలని బొమ్మ నుంచి ఇంత పెద్ద తీర్పు లాగడం తొందరపాటే. 2013లో ఇటలీ బృందమే 43 కుక్కలకు వీడియోలు చూపింది. ఎడమ ఊపు చూసిన కుక్కల గుండె వేగం పెరిగింది, కలవరం కనిపించింది. తెరమీద ఉన్నది వట్టి నల్లని నీడ అయినా అంతే.

సందులో పరుగెత్తే కుక్క తోకలో ఈ తేడా మామూలు కంటికి అందుతుందా అంటే, అందదు. ఊపు రెండు పక్కలకీ ఉంటుంది, హెచ్చుతగ్గులే తేడా. పైగా మన ఊరకుక్కల్లో చాలావాటి తోకలు వీపు మీదికి చుట్టుకుని ఉంటాయి. ఈ శాస్త్రంతో వీధిలో కాటు తప్పించుకుంటామని ఎవరూ ఆశపడకూడదు. అక్కడ చూడాల్సింది డార్విన్ చెప్పిన బిగువునే. కానీ నిర్ణయం తీసుకునేవాళ్లకు ఇందులో ఒక సంగతి ఉంది. 2022లో చైనా పరిశోధకులు 10 బీగిల్ కుక్కల దగ్గరికి రోజూ ఒకే కొత్త మనిషిని పంపారు. మొదట ఎడమకి మొగ్గిన ఊపు మూడు రోజుల్లో కుడికి జరిగింది, అంటే మొదటి బెదురు పరిచయంతో తగ్గింది. వల వేసిన పూటే కుక్కకు దూకుడు ముద్ర వేస్తే, ఆ ముద్ర పడేది ఎక్కువగా బెదిరినవాటి మీదే. ఆపరేషను తర్వాత కుక్కను ఎలాగూ కొన్నాళ్లు కేంద్రంలోనే ఉంచుతారు. తీర్పేదో వదిలే రోజున చెప్పడానికి అడ్డేమిటి?