చేతిమీది సొమ్ము - ఎవరి పేర జమ?

పెండ్లి పందిటిలో చదివింపులు వ్రాయువారిని మన సోదరీమణులందఱును ఎఱుగుదురు. పుస్తకము ముందుంచుకొని, వచ్చినవారి ఇంటిపేరు, పేరు, ఊరు, ఇచ్చిన మొత్తము వరుసగా వ్రాయుచుందురు. రాలేనివారు మఱియొకరిచేత సొమ్ము పంపినచో, ఇచ్చినవారి పేర పద్దు వ్రాసి, ప్రక్కనే 'ఫలానావారి చేతిమీదుగా' అని చేర్చుదురు. తెచ్చినవారి పేరు ఇచ్చినవారి పేరును మ్రింగివేయదు. ఇచ్చినవారి పేరు తెచ్చినవారి శ్రమను మఱుగుపఱుపదు. రేపు వారింట శుభకార్యము వచ్చినపుడు మనము చేయవలసినది ఆ పుస్తకమే చెప్పును.

ఈ మర్యాద నేడు కొన్ని ధర్మసంస్థల లెక్కలలో తప్పిపోవుచున్నది. పూర్వము సంస్థవారే రసీదు పుస్తకము పట్టుకొని ఇంటింటికి వచ్చెడివారు. ఇపుడు సామాజిక మాధ్యమములందు జరుగు చందాలలో అడుగువారొకరు, ఇచ్చువారు వేఱొకరు, సొమ్ము చేరవేయువారు మఱియొకరు. 2017వ సంవత్సరమున అమెరికాలో ఫేస్‌బుక్కువారు పుట్టినరోజు చందాల పద్ధతిని ప్రవేశపెట్టిరి. పుట్టినరోజు జరుపుకొనువారు తమకు కానుకలు వలదనియు, ఆ సొమ్మును తాము మెచ్చిన సంస్థకు ఇమ్మనియు మిత్రులను కోరుదురు. అట్లు వచ్చిన సొమ్ము తఱచుగా మధ్యవర్తి సంస్థ ద్వారా ఒక్క మొత్తముగా చేరును. దాత సమ్మతించిననేగాని ఆతని ఈమెయిలు చిరునామా సంస్థవారికి అందదు. సొమ్ము వచ్చినదని తెలియునుగాని, ఎవరికి కృతజ్ఞత చెప్పవలెనో తెలియదు.

2018 జూను నెలలో అమెరికా సరిహద్దున వలసవచ్చినవారి బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేయుచున్నారన్న వార్త లోకమును కలచివైచెను. అపుడు కాలిఫోర్నియాలోని దంపతులు, టెక్సాసులో వలసవారికి న్యాయసహాయము చేయు 'రైసెస్' అను సంస్థకొఱకు ఫేస్‌బుక్కులో 1,500 డాలర్లు కోరిరి. కొలది దినములలోనే ఆ చందా 2 కోట్ల డాలర్లను మించెను. ఇంత ధనమును ఆ దంపతుల పేర జమ కట్టినచో అది అసత్యము. వారి పేరే వ్రాయకున్నచో అది కృతఘ్నత. ఈ రెండు దోషములను తప్పించుకొనుటయే లెక్క వ్రాయువారి పని.

పరులకు నీతులు చెప్పుచున్నామని తలంపవలదు. ఈ పొరపాటు మేమును చేసినవారమే. కొన్ని యేండ్ల క్రిందట మేమొక బాలికల వసతిగృహమునకు లెక్కలు వ్రాయుచుండగా, కళాశాలలో చదువు చిన్నదొకతె తన ఇన్‌స్టాగ్రాములో విన్నపము చేసి, 43 మందివద్ద 21,650 రూపాయలు తన ఖాతాలో చేర్చి, ఒక్కమారుగా మాకు పంపినది. మేము సంతోషించి, మొత్తము ఆమె పేరనే జమకట్టి, ఒక్క రసీదు వ్రాసి ఇచ్చితిమి. నెల తిరుగకముందే ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయిని యొకరు మాయొద్దకు వచ్చి, "అమ్మా, మావారి ఆబ్దికమునాడు వారి పేర అయిదువందలు పంపితిని. చేరినవా?" అని యడిగిరి. పుస్తకమంతయు త్రిప్పితిమి. ఆమె పేరుగాని, ఆమె భర్త పేరుగాని ఎందును లేదు. చిన్నదానిని పిలిపింపగా, ఆమె తన ఫోనులో 43 పేర్లును పైసలతో సహా చూపినది. ఆమెయందు దోషము లేదు. పట్టిక అడుగనివారము మేమే.

ఇందులో మర్యాదయేగాక చట్టమును గలదు. మన దేశమున పన్ను మినహాయింపునకు ఆమోదము పొందిన సంస్థలు, 2021-22 ఆర్థిక సంవత్సరమునుండి, దాతల పట్టికను ఏటేట ఆదాయపు పన్ను శాఖకు సమర్పింపవలసి యున్నది. మా పుస్తకములోని తప్పు ఆ పట్టికకును ఎక్కినచో, ఆ చిన్నది పరుల సొమ్మునకు మినహాయింపు పొందును. నిజముగా ఇచ్చినవారికి ఏమియు మిగులదు.

నాటినుండి మేము ప్రతి పద్దునకు అయిదు గడులు గీయుచున్నాము. మొదటిది ఇచ్చినవారి పేరు; జమ వారిదే. రెండవది ఎవరి చేతిమీదుగా వచ్చినది. ఇది కృతజ్ఞతకేగాని జమకు గాదు. మూడవది ఎవరి స్మృతికి, ఏ కార్యమునకు. నాలుగవది ఏ మార్గమున, ఏ తేదీన చేరినది. అయిదవది రసీదు ఎవరు ఇచ్చినది. మధ్యవర్తి సంస్థ ముందే ఇచ్చియుండినచో, ఒకే సొమ్మునకు రెండవ రసీదు వ్రాయరాదు. పేరు తెలియనిచో 'తెలియదు' అనియే వ్రాయవలెనుగాని, దగ్గఱనున్న పేరును తగిలింపరాదు. గుప్తదానము దాత కోరిననే గుప్తదానము. వ్రాయువారి అశ్రద్ధచే పేరు పోయినచో దానికి ఆ గౌరవము లేదు.

కార్యమును తెలుపు మూడవ గడి ఎంత ముఖ్యమో ఆస్ట్రేలియా వృత్తాంతము చెప్పును. 2020 జనవరిలో అచట కార్చిచ్చులు చెలరేగినపుడు, హాస్యనటి సెలెస్ట్ బార్బర్ ఫేస్‌బుక్కులో చందా కోరగా, 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా వచ్చెను. సొమ్ము అంతగా పెరుగగా, ఇతర రాష్ట్రములవారికిని, గాయపడిన మృగములకును పంచవలెనని పలువురు ఆశించిరి. కాని విన్నపమున వ్రాసిన పేరు న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ అగ్నిమాపక దళముల నిధి. ఆ సొమ్మును ఇతర ధర్మసంస్థలకు పంచరాదని ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు 2020 మే నెలలో నిర్ణయించెను. గాయపడిన దళసభ్యులకును, మరణించినవారి కుటుంబములకును సాయము చేయవచ్చునని మాత్రము చెప్పెను. మనసులోని కోరిక ఎంత మంచిదైనను, వ్రాసిన వ్రాతయే నిలుచును.

కాబట్టి సోదరీమణులారా, మీరు చందా ఇచ్చునపుడు మీ పేరు సంస్థకు తెలియుటకు సమ్మతి తెలుపుడు. రసీదు అడుగుటకు సిగ్గుపడకుడు. మీరే చందా కూర్చునపుడు ఏ సంస్థకు, ఏ పనికి అను రెండు మాటలు స్పష్టముగా వ్రాయుడు. సొమ్ముతోపాటు పేర్ల పట్టికయు పంపుడు. పరుల సొమ్మునకు మీ పేర రసీదు ఇచ్చినను తీసికొనకుడు.

మేము పాత రసీదును రద్దుచేసి, 43 రసీదులు వ్రాసితిమి. చిన్నదానికి వేఱుగా కృతజ్ఞతాపూర్వకముగా ఉత్తరము పంపితిమి. ఉపాధ్యాయిని తన రసీదులో భర్త పేరు రెండుమార్లు చదువుకొని, మడిచి సంచిలో పెట్టుకొనెను. మఱుసటి యేడు అదే తిథికి ఆమెయొద్దనుండి మరల అయిదువందలు వచ్చినవి.