ఒళ్లు చెబుతూనే ఉంది.. నేనే వినలేదు!

వేసవిలో డాలస్‌లో రాత్రి పదిన్నర అంటే హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిది. నేను పిల్లలకు అన్నం పెట్టి, గిన్నెలు సర్ది, ల్యాప్‌టాప్ తెరిచే వేళకు అక్కడి మా టీమ్ ఆఫీసుకు వచ్చి కూర్చుంటుంది. పగలు ఇక్కడి క్లయింట్, రాత్రి అక్కడి టీమ్. వారానికి ఐదు రోజులు, ఆరేళ్లు ఇలాగే గడిచింది. నిద్ర ఐదు గంటలు దాటిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముందు జుట్టు రాలడం మొదలైంది. నూనె మార్చాను. ఉదయం లేవగానే మెడ పట్టేసేది. దిండు మార్చాను. నెలసరి తేదీలు తప్పాయి. నలభై దాటాం కదా, మామూలే అనుకున్నాను. నిద్రలో పళ్లు నూరుతున్నానని దంతవైద్యురాలు చెబితే నవ్వి ఊరుకున్నాను. ఒక్కోదానికి ఒక్కో సాకు. తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో చూసి ‘ఏంటమ్మా, మొహం అలా పీక్కుపోయింది?’ అంటే, ‘ఇక్కడ లైటింగ్ సరిగా లేదమ్మా’ అనేదాన్ని.

నిరుడు మార్చిలో మా వారి ఉద్యోగం పోయింది. ఇంట్లో నలుగురం నా హెచ్1బీ మీదే ఉన్నాం. గ్రీన్‌కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో తెలియదు. నా ఉద్యోగం కూడా పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ లెక్క తలలో తిరుగుతుంటే ఏ పని చెప్పినా కాదనే ధైర్యం ఎక్కడిది? ఇంకో ప్రాజెక్టు ఇస్తే తీసుకున్నాను. ఆన్‌కాల్ వంతు వేరేవాళ్లది అయినా నేనే చేశాను.

కారులో నలభై నిమిషాలు

అక్టోబరులో ఓ శనివారం. పాపను కూచిపూడి క్లాసులో దింపి, కారులోనే కూర్చుని మెయిల్స్ చూస్తున్నాను. వీపు పైభాగంలో నొప్పి, కడుపులో తిప్పినట్టు, ఊపిరి సగంలో ఆగిపోతున్నట్టు అనిపించింది. ఛాతీ నొప్పి లేదు కాబట్టి గ్యాస్ అనుకున్నాను. క్లాసు అయ్యేదాకా ఆగుదామని నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాను. చివరికి మా వారికి ఫోన్ చేస్తే పరుగున వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. బీపీ 182/108!

అదృష్టం బాగుండి గుండెపోటు కాదు. ఈసీజీ, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. అయినా డాక్టరు గట్టిగానే మందలించారు. గుండెపోటులో ఆడవాళ్లకూ ఎక్కువగా వచ్చేది ఛాతీ నొప్పే. కానీ దానితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, వీపు నొప్పి, దవడ నొప్పి, చెప్పలేనంత నీరసం రావొచ్చు. ‘గ్యాసో కాదో తేల్చాల్సింది మేము. ఇంకోసారి ఇలా అయితే 911కి ఫోన్ చెయ్యండి. కారులో కూర్చోవద్దు’ అన్నారు.

తర్వాత ఆమె అడిగిన మూడు ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తే. ఎన్ని గంటలు నిద్రపోతారు? కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా?

రెండో కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చింది. బిడ్డ పుట్టాక బీపీ తగ్గింది, ఆ కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. అయిపోలేదట. అలా వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో బీపీ, గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. గుండె జబ్బు ముప్పును లెక్కగట్టేటప్పుడు అమెరికా వైద్యులు మన దక్షిణాసియా మూలాలను కూడా పరిగణిస్తారు. మూడో ప్రశ్నకు ‘లేదు’ అన్నాను.

ఒత్తిడి ఒంట్లో ఏం చేస్తుంది?

పాము కనిపిస్తే గుండె దడదడలాడుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలై రక్తనాళాలు బిగుస్తాయి, బీపీ పెరుగుతుంది. పాము వెళ్లిపోతే అన్నీ సర్దుకుంటాయి. మా ఉద్యోగాల్లో పాము వెళ్లదు, ఫోన్ రూపంలో తలగడ పక్కనే ఉంటుంది. మామూలుగా రాత్రి నిద్రలో బీపీ కొంత తగ్గాలి. నిద్రే కరవైతే ఆ విశ్రాంతి కూడా గుండెకు దక్కదు. దానికి తోడు నడక మానేశాను, రాత్రి పదకొండుకు పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని అదే భోజనం అనుకున్నాను. తప్పంతా ఆఫీసుదే అనను. కానీ ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చినవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ. నా గంటలు కాగితం మీద రాసుకుని కూడితే 61 వచ్చాయి. వంట, పిల్లల పని అందులో లేవు.

అడగడానికే భయం

మాత్రలు మొదలయ్యాయి. వాటికంటే కష్టమైంది మేనేజరుతో మాట్లాడటం. మూడు వారాలు వాయిదా వేశాను. ఆరోగ్యం బాగాలేదంటే లేఆఫ్ జాబితాలో ముందు నా పేరే ఉంటుందేమోనని భయం. చివరికి డాక్టరు లేఖను హెచ్ఆర్‌కు ఇచ్చి, రాత్రి కాల్స్ వారానికి రెండుకు తగ్గించమని అడిగాను. ఒప్పుకున్నారు. మిగతా మూడు రోజులూ హైదరాబాద్‌లోని అమ్మాయి నడిపిస్తానంది. ‘మీ మెయిల్ మీకు అర్ధరాత్రి రెండింటప్పుడు వచ్చిందని చూస్తే మాకూ భయమేసేది అక్కా, మేమూ అలాగే ఉండాలేమోనని’ అంది. నా శ్రద్ధ అనుకున్నది అక్కడ ఇంకొకరికి ఒత్తిడి అయిందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఈ ఏడాది రావాల్సిన ప్రమోషన్ మాత్రం వేరొకరికి వెళ్లింది. బాధపడలేదంటే అబద్ధం. మా వారికి ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో రాత్రి వంట ఆయనదే. వచ్చాక కూడా ఆయనదే.

నాలా ఉన్నవారి కోసం నాలుగు మాటలు. అమెరికాలో 130/80 నుంచే అధిక రక్తపోటుగా లెక్కిస్తారు. బీపీ మిషన్ ఇంట్లో ఉంచుకోండి. చూసుకునే ముందు అరగంట కాఫీ వద్దు. ఐదు నిమిషాలు కదలకుండా, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. చాలా ఇన్సూరెన్సుల్లో ఏడాదికోసారి చేసే ముందస్తు పరీక్షకు మన జేబులోంచి డబ్బు కట్టక్కర్లేదు, వదులుకోవద్దు. 50 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలో ఏడాదిగా, కనీసం 1,250 గంటలు పనిచేసినవారు తీవ్ర అనారోగ్యానికి ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద 12 వారాల దాకా జీతం లేని సెలవు అడగొచ్చు. వైద్యపరంగా అవసరమైతే విడతలుగానూ వాడుకోవచ్చు. వర్క్ వీసాపై ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. సెలవు పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక మాట మాట్లాడితే మనసు కుదుటపడుతుంది. గ్యాస్ స్టేషన్లలో, ఇండియన్ స్టోర్లలో పది గంటలు నిలబడి పనిచేసే మన ఆడపడుచులకు ఈ సౌకర్యాలన్నీ ఉండవని తెలుసు. వారి బీపీ ఎవరు చూస్తున్నారు? అందుకే ఆదివారం గుడికి వెళ్లేటప్పుడు మిషన్ కూడా సంచిలో పెట్టుకెళ్తున్నాను.

దీపావళికి అమ్మకు అసలు విషయం చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. టీచరుగా ఉన్న రోజుల్లో, నలభై రెండేళ్లకే తనకూ బీపీ వచ్చిందట. ‘మీరు కంగారు పడతారని చెప్పలేదమ్మా. మాత్రలు బియ్యం డబ్బా వెనక పెట్టేదాన్ని’ అంది. ఆమె దాచింది, నేను లైటింగ్ అన్నాను. ఇన్నేళ్లూ ప్రతి డాక్టరు దగ్గరా ఆ ఫారంలో ‘లేదు’ అనే టిక్ పెడుతూ వచ్చాను.

మొన్న పాపను ఏడాది పరీక్షకు పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. పధ్నాలుగేళ్లది, ఫారం తనే నింపుతానంది. కుటుంబంలో బీపీ ఉందా అన్నచోట ఆగి నా వైపు చూసింది. ‘అమ్మమ్మకు, నాకు’ అని చెప్పాను. రాసుకుంది.