కారుకి వెట్ శాండింగ్ చేసే ముందు గేజ్ పెట్టండి
కాటేదాన్ ఇండస్ట్రియల్ ఏరియాలో బండి బయట పెడితే సాయంత్రానికి బానెట్ నిండా దుమ్మే. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు ఖాయం. వెట్ శాండింగ్ ఆ గీతల్ని నింపదు, చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని గీత లోతు దాకా అరగదీస్తుంది. ఆ కోట్ మామూలుగా 40-50 మైక్రాన్లే. ఫోన్‌కి వేసే 0.33 మి.మీ. టెంపర్డ్ గ్లాస్‌లో ఏడో వంతు! అది పోతే ఏ పాలిష్‌తోనూ తిరిగిరాదు, రీపెయింటే గతి.

అందుకే నేను ముందు పెయింట్ థిక్‌నెస్ గేజ్ పెడతాను. మామూలు గేజ్ అన్ని పొరలూ కలిపే చూపిస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద అసలు పనిచేయదు. గోరుకి తగిలే గీత జోలికి పోవద్దు. మిగతావాటికి 2000 గ్రిట్, తర్వాత 3000, నీళ్లు ధారాళంగా. అంచులకి టేప్ తప్పనిసరి, పెయింట్ అక్కడే పల్చగా ఉంటుంది. ఆపైన కాంపౌండ్, పాలిష్, అదీ నీడలోనే.