రెండు గ్రాఫిక్స్ కార్డుల భారం మోసే ఎస్‌ఎంపీఎస్

గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి అందించే పెట్టెనే ఎస్‌ఎంపీఎస్ అంటారు. గేమింగ్ కంప్యూటర్‌ను సొంతంగా కూర్చుకునేవారిలో చాలామంది గ్రాఫిక్స్ కార్డును ఎంతో పరిశీలించి ఎంచుకుంటారు గాని, ఎస్‌ఎంపీఎస్ విషయానికి వచ్చేసరికి అట్టపెట్టె మీద పెద్ద అంకెల్లో అచ్చువేసిన వాట్లను చూసి సరిపెట్టుకుంటారు. కార్డులు రెండైనప్పుడు ఈ అశ్రద్ధ చాలా ఖరీదైనది.

2017లో విడుదలైన జీటీఎక్స్ 1080 టీఐ కార్డులు రెండింటిని ఎస్‌ఎల్‌ఐ పద్ధతిలో, అంటే ఒకే ఆటలోని దృశ్యాలను రెండూ పంచుకొని గీసేలా, జతచేశారనుకుందాం. ఒక్కో కార్డుకు 250 వాట్లు, కోర్ ఐ7 7700కె ప్రాసెసర్‌కు 91 వాట్లు, మదర్‌బోర్డు, డ్రైవులు, ఫ్యాన్లకు కలిపి సుమారు 60 వాట్లు లెక్కవేస్తే మొత్తం 650 దాటుతుంది. అయితే గ్రాఫిక్స్ కార్డు సెకనులో వెయ్యోవంతు కాలంపాటు తన పరిమితిని మించి కరెంటు లాగుతుంది కాబట్టి, ఆ తాకిడికి ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వలయం పనిచేసి ఆట మధ్యలో యంత్రం ఆగిపోకుండా ఉండాలంటే 850 వాట్లది తీసుకోవడమే సముచితం.

ఇంతకన్నా ముఖ్యమైనది ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన లేబుల్. కార్డులూ ప్రాసెసరూ ప్రధానంగా 12 వోల్టుల లైను మీదే ఆధారపడతాయి. 500 వాట్లను 12తో భాగిస్తే కార్డులకే దాదాపు 42 ఆంపియర్లు కావాలి. లేబుల్‌లో 12 వోల్టుల గడిలో 70 ఆంపియర్లని ఉంటే 840 వాట్లు అందుతాయి. 40 అని ఉంటే, అట్టపెట్టె మీద ఏమి రాసి ఉన్నా, 480 వాట్లే.

మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లు, ఆరు పిన్నుల ప్లగ్గు 75, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇచ్చేలా ప్రమాణాలు నిర్ణయించాయి. ఈ కార్డు ఒక్కోదానికి రెండు ప్లగ్గులూ అవసరం గనుక, ఒకే కేబుల్‌ను రెండు కార్డులకు పంచకుండా వేర్వేరు కేబుళ్లు వేయాలి. పాత హార్డ్ డిస్కు ప్లగ్గుల నుంచి మార్చుకునే అడాప్టర్లను వాడకపోవడమే క్షేమం, ఎందుకంటే ఆ సన్నని తీగలు వేడెక్కి కరిగే ప్రమాదముంది.

లేబుల్ మీది వాట్లు బయటికిచ్చేవే తప్ప గోడ నుంచి తీసుకునేవి కావు. సామర్థ్యం 90 శాతమైతే 650 వాట్లివ్వడానికి సుమారు 722 వాట్లు కావాలి, మిగిలినది వేడిగా పోతుంది. ఇళ్లలో సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు 360 వాట్లకు మించి ఇవ్వలేవు కాబట్టి, ఈ యంత్రాన్ని వాటికి తగిలించకూడదు.

2021 జనవరి నుంచి, ఈ కార్డుల తయారీదారు ఎన్విడియా ఈ తరం కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు, అంటే ఒక ఆటను రెండు కార్డులూ పంచుకునేలా చేసే అమరికలు, చేర్చడం మానేసింది. ఇప్పుడు ఇలాంటి జతలు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి. కార్డులు పాతవైనా ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే కొనాలి. వేడికి దానిలోని కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతాయి. ఊడదీయగల కేబుళ్లున్న మోడళ్లలో మరో కంపెనీ కేబుల్ ప్లగ్గులో చక్కగా ఇమిడినా పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చు గనుక, స్విచ్ వేసిన మరుక్షణమే రెండు కార్డులూ కాలిపోయే అవకాశం ఉంది.