ఎర్రగొడుగు, తెల్లగొడుగు

కాట్టుపల్లి వైపునుంచి వచ్చిన విద్యార్థిని ఒకరు తరగతిలో మమ్మల్నొక ప్రశ్న అడిగారు. "ఎర్ర పుట్టగొడుగు విషం, తెల్లది కూరకు పనికొస్తుంది అంటుందండీ మా అవ్వ. నిజమేనా?" తెలుగు పాఠానికీ దీనికీ ఏమి సంబంధమనుకోవద్దు. జవాబులో కొంత మాటల్లోనే ఉంది.

ముందు ఎర్రదాని సంగతి. పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించే ఎర్రగొడుగు పేరు అమనిటా మస్కేరియా. ఎర్రని గొడుగు మీద తెల్లని పొక్కులుంటాయి. మొలిచేటప్పుడు మొత్తాన్ని కప్పి ఉంచిన పొర చిరగగా మిగిలిన ముక్కలవి. గట్టివానకు అవి కొట్టుకుపోతాయి, ఎరుపు కూడా వెలిసి నారింజరంగుకు దిగుతుంది. కనుక బొమ్మను నమ్ముకుంటే చాలదు. గొడుగు అడుగున తెల్లని మొప్పలు, కాడకు ఉంగరంవంటి పొర, మొదట్లో ఉల్లిగడ్డలాంటి ఉబ్బు, దాని చుట్టూ పొలుసుల వరుసలు చూడాలి. పైన్, బర్చ్ వంటి చెట్ల వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రమిది. దక్షిణాదిన నీలగిరుల్లోనూ కొడైకెనాల్‌లోనూ మనుషులు నాటిన పైన్ తోటల్లో కనిపిస్తుంది. తిన్నవారికి సాధారణంగా 2 గంటలలోపే తూలుడు, కలవరింత, మత్తు వస్తాయి. ప్రాణం పోవడం అరుదు.

ప్రాణం తీసేది దాని దాయాది, అమనిటా ఫాలోయిడిస్. దీనికి ఆర్భాటమైన రంగు లేదు. పాలిపోయిన ఆకుపచ్చ, ఒక్కొక్కప్పుడు తెలుపే. తిన్నాక 6 గంటలో, 12 గంటలో ఏమీ తెలియదు. తరువాత వాంతులు, విరేచనాలు. ఆపైన తేరుకున్నట్టే ఉంటుంది గాని, ఆలోగా కాలేయం చెడిపోతూ ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. వెండి చెంచా నల్లబడుతుందనీ, పురుగు తిన్నది మనమూ తినవచ్చుననీ చెప్పే పరీక్షలు వట్టివి.

2011 డిసెంబరు 31 రాత్రి ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఒక విందులో దీనిని తిన్నవారిలో ఇద్దరు కొద్దిరోజులకే మరణించారు. ఆసియా వంటల్లో వాడే వరిగడ్డి పుట్టగొడుగుతో దీనిని పొరబడడం సులువు. రెండూ సంచిలో గుడ్డులా మొదలవుతాయి. తేడా సిద్ధబీజాల్లో తెలుస్తుంది. గొడుగును కోసి, మొప్పలు కిందికి వచ్చేలా సగం తెల్లని, సగం నల్లని కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే పొడి రాలుతుంది. వరిగడ్డిదానికి గులాబిరంగు, ప్రాణాంతకమైనదానికి తెలుపు. మన మైదానాల్లో వానలకు పచ్చికలో లేచే తెల్లని క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్‌కు ఆకుపచ్చ పొడి. అది తిన్నవారికి తీవ్రంగా వాంతులవుతాయి. పొడి రంగు ఒక్కటే చూసి దేనినీ వంటకెక్కించరాదు సుమా.

ఇక మాటల సంగతి. తమిళంలో కుడై, తెలుగులో గొడుగు ఒకే మూలానివి. తమిళులు నాయ్‌కుడై అంటారు, మనకూ కుక్కగొడుగు ఉంది. పుట్టగొడుగు అన్న పేరు మాత్రం చోటును చెబుతుంది. చెదలు పుట్టలోపల ఒక శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వానలకు దాని గొడుగులు పైకి లేస్తాయి. కాడ వేరులా సాగి పుట్టలోపలిదాకా దిగుతుంది. 1942లో రొజే ఏమ్ ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరుపెట్టారు. అందులోనూ చెదపురుగే ఉంది.

అవ్వ ఎక్కడ కోసేదో అడిగి రమ్మన్నాము. పొలంగట్టున ఒకే ఒక పుట్ట దగ్గరేనట, వాళ్ళమ్మ చూపించినదేనట. రంగు మాట ఎవరో చెప్పగా విన్నదట.